వంతెన మీద నాలుగు లెక్క

గేటు తెరవడానికి ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి. నూకరత్నం వేళ్ళను వేడినీళ్ళ గిన్నెలో ముంచి, ఒక్కొక్కటే బయటికి తీసి తుడుచుకుంది. యాభై రెండేళ్ళ వేళ్ళు. పొద్దున్నే చెప్పిన మాట వినవు, కాసేపు బతిమాలుకోవాలి.

కీబోర్డు మూడు వరసలది. పై వరస గాలి పలుకు, నడి వరస కంచు పలుకు, కింది వరస నీటి పలుకు. కాళ్ళ దగ్గర పదమూడు కాలిమెట్లు. వాటిని తొక్కితే వంతెన బల్లల కిందున్న స్పీకర్లు మంద్రంలో మూలుగుతాయి. ఆ మూలుగు చెవికన్నా ముందు అరికాలికి తెలుస్తుంది. తెలియాల్సింది కూడా అరికాలికే.

వాద్యగది కిటికీలోంచి చూస్తే కొండకీ కొండకీ మధ్య ఏడు వందల మీటర్ల వంతెన, అరవై నాలుగు తీగల మీద వేలాడుతూ కనబడుతుంది. కింద ఎక్కడో గోదావరి. మైదానాన్ని నది ఎప్పుడో తీసేసుకుంది. పడమటి కొండకు అతుక్కుని ఊయలపట్నం మిగిలింది. తూర్పు కొండ మీద పొలాలు, కార్ఖానాలు, శ్మశానం. బతకడానికైనా, బతుకు అయిపోయాకైనా ఈ వంతెన దాటాల్సిందే.

మూలన వదులుగా కట్టిన నవారు పట్టీ మీద బుల్లెబ్బాయి తువ్వాలు ఆరుతోంది. ఊళ్ళో ఎవరూ తీగ మీదగానీ తాడు మీదగానీ బట్టలు ఆరెయ్యరు. బిగించి కట్టినది ఏదైనా సరే వంతెన తీగలతో గొంతు కలుపుతుంది. అప్పుడు రాత్రీపగలూ ఆ తీగలకు చెవులు ఆనించి కూర్చునే తీగవైద్యులకు ఏది రోగమో ఏది కాదో తెలియకుండా పోతుంది. అందుకే ఊళ్ళో వీణ లేదు, ఫిడేలు లేదు, గిటారు లేదు, పిల్లలు ఆడుకునే విల్లంబు కూడా లేదు. వీధిలో పాట లేదు. నోట్లో పాటుంటే కాళ్ళు జతకడతాయి. పాడుకోవాలనుంటే తలుపేసుకుని, కూర్చుని పాడుకోవాలి. ఊరందరికీ కలిపి ఉన్న సంగీతం ఒక్కటే, నూకరత్నం రోజుకు రెండుసార్లు వాయించే విడినడక.

బుల్లెబ్బాయి టీ గ్లాసులతో లోపలికొచ్చాడు. ముప్పై అయిదేళ్ళవాడు, వంతెన ఎంత ఊగుతోందో చూపించే ఊగుకొలత ముందు కూర్చునే ఉద్యోగి. ఆమె వాయిస్తుంటే అతను ముల్లును చూస్తాడు. ముల్లు అరవై దాటితే పక్కనున్న ఎర్రపిడి లాగాలి. లాగితే వాద్యం తెగుతుంది, రెండు గేట్లూ పడిపోతాయి, సాయంత్రం దాకా మళ్ళీ లేవవు. పన్నెండేళ్ళలో అతను దాన్ని తుడవడమేగాని లాగింది లేదు.

"ఏవండీ రత్నంగారూ, రాత్రి పడుకున్నట్టు లేరు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి" అన్నాడు.

"పడుకున్నాను. నిద్రే పట్టలేదు."

"మాస్టారిని ఈవేళే తీసుకెళ్తున్నారటండి. ఇందాక కిందే కనబడ్డారు వాళ్ళమ్మాయి లోవలక్ష్మిగారు. పాడె ముందు కుడి కొమ్ము ఆవిడే పడతారట."

"తెలుసు" అంది నూకరత్నం. టీ తాగలేదు. జాకెట్టులో మడిచి పెట్టుకున్న కాగితాన్ని పైనుంచే ఒకసారి తడుముకుంది.

గవర్రాజు మాస్టారు ఆమెకు గురువు. విడినడక కట్టింది ఆయనే. నలభై ఒక్క ఏళ్ళ కిందట పాత వంతెన మీద ఒక పెళ్ళి ఊరేగింపు నడిచింది. బ్యాండువాళ్ళు చతురశ్రంలో, నాలుగు లెక్కలో, హుషారుగా వాయించారు. మూడు వందల మంది ఒకే అడుగు వేశారు. వంతెన ఊగింది, ఊగిందాన్ని చూసి జనం ఇంకా ఉత్సాహంగా తొక్కారు. తీగలు ఆ రోజున తెగాయి. ఆ బ్యాండులో కీబోర్డు వాయించిన కుర్రాడు గవర్రాజు. కీబోర్డు పెట్టె ఉన్న బండి వెనకబడడంతో ఇంకా ఒడ్డునే ఉన్నాడు కాబట్టి బతికాడు.

కొత్త వంతెన కట్టాక ఆయన ఆరేళ్ళు కూర్చుని, ఏ ఇద్దరి అడుగూ ఒకచోట పడనివ్వని సంగీతం కట్టాడు. ఇరవై ఏడు నిమిషాలు, తొమ్మిది ఖండికలు. ఎడమ చెయ్యి అయిదులో, కుడి చెయ్యి ఏడులో నడుస్తాయి. ముప్పై అయిదో లెక్క దగ్గర రెండూ కలవబోతాయనగా కాలిమెట్టు ఒక లెక్క ఎగ్గొట్టి అందరినీ చెదరగొడుతుంది. అంతలో పై వరసలో ఒక పల్లవి లేస్తుంది, తొమ్మిదిలోకి సాగి, పదకొండులోకి విరిగి, ఎక్కడో నాలుగో ఖండికలో వేరే వేషంలో తిరిగొస్తుంది. వినేవాడు దాని వెంట పడతాడేగాని దాన్ని పట్టుకోలేడు. ఊళ్ళో పిల్లలు చప్పట్లు కొడితే ఏడు కొడతారు, లేకపోతే అయిదు. నాలుగు కొట్టడం వాళ్ళకెవరూ నేర్పలేదు.

వంతెన నిలబడింది. అయితే శవాల సంగతి ఎవరూ ఆలోచించలేదు.

గేటు రోజుకు రెండుసార్లే తెరుస్తారు. మిగతా పొద్దంతా తీగవైద్యులు తీగలు బిగించుకోవాలి. కాబట్టి శవం కూడా జనంతోపాటే, విడినడకలోనే దాటాలి. మోసేవాళ్ళు నలుగురు, అడుగులు నాలుగు రకాలు. పాడె కుదుపుల మీద కుదుపులుగా పోతుంది. మూడేళ్ళ కిందట మాస్టారి భార్య అలాగే దాటింది. కట్టిన గుడ్డ వదులై ఆవిడ తల అడుగడుగుకీ ఇటూ అటూ దొర్లడం మాస్టారు ఈ కిటికీలోంచే చూశాడు. అప్పుడు కీబోర్డు ముందున్నది నూకరత్నం. ఆయన పక్కనే నిలబడి తన సంగీతమే వింటూ ఏడవడం ఆమె చూసింది. ఆ మర్నాటి నుంచి విడినడక వాయించిన ప్రతిసారీ ఆమెకు ఆ తలే గుర్తొచ్చేది.

పదకొండు రోజుల కిందట మాస్టారు మంచం మీద నుంచి ఈ కాగితం ఇచ్చాడు.

"నన్ను కుదపకండర్రా" అన్నాడు. "తొమ్మిది నిమిషాలు. అంతే. లోవలక్ష్మికి చెప్పేను."

"మాస్టారూ, ఇది నాలుగండి" అంది నూకరత్నం, కాగితం చూసి భయపడి.

"నాలుగు పాపం కాదమ్మాయ్. అందరూ ఒక్కసారే నడవడం పాపం. ఆ రెంటికీ తేడా తెలుసుకోడానికి నాకు నలభయ్యేళ్ళు పట్టింది."

కాగితం పై భాగాన ఎనిమిది గళ్ళు ఖాళీగా ఉన్నాయి. తొమ్మిదో గడి నుంచి స్వరాలు. చూపు ఆనడం లేదు, చెయ్యి వణుకుతోంది, ఎక్కడో కిందనుంచి మొదలుపెట్టి ఉంటాడులే అనుకుంది ఆమె. అడగలేదు. మరి జనం మాటేమిటన్న ప్రశ్న కూడా ఆమె మనసుకు తట్టింది, కానీ దానికి తనకు తానే సమాధానం చెప్పుకుంది. నలభై ఏళ్ళుగా నాలుగు లెక్క వినని కాళ్ళకు దానితో నడవడం ఎలా తెలుస్తుంది? మోసేవాళ్ళకు మాత్రం లోవలక్ష్మి ఇంట్లో తలుపేసి నేర్పింది. వాళ్ళు నడుస్తారు, మిగతావాళ్ళు ఎప్పటిలా చెదిరి నడుస్తారు. అలా అనుకుంది.

ఆరయింది. గేటు లేచింది. నూకరత్నం కాగితాన్ని స్టాండు మీద పెట్టి, మొదటి ఖండిక ఎత్తుకుంది.

నాలుగు వేలమంది, భుజాన సంచులతో, చేతుల్లో క్యారేజీలతో, బల్లల మీదికి వచ్చారు. ముల్లు ఇరవై దగ్గర ఆడుతోంది. రెండో ఖండిక సగంలో పాడె గేటు దాటింది. కిటికీ పక్కనున్న తెర మీద నూకరత్నానికి దగ్గరగా కనబడింది. ముందు లోవలక్ష్మి, చీరకొంగు నడుముకు బిగించి, పెదవి కొరుక్కుంటూ. తెల్లగుడ్డలో మాస్టారు. ఏడు లెక్క అరికాళ్ళను లాగుతుంటే నలుగురూ తడబడ్డారు. పాడె ఎడమకు ఒరిగింది, మళ్ళీ కుడికి. మాస్టారి తల కదిలింది.

నూకరత్నం ఖండిక పూర్తి కానివ్వలేదు. కింది వరసలో చెయ్యి వేసి, కాలిమెట్టు తొక్కి, నాలుగులోకి దిగిపోయింది.

మెత్తటి స్వరాలు. తొందర లేదు, మలుపు లేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మళ్ళీ ఒకటి. పాడె కుదుటపడింది. లోవలక్ష్మి తలెత్తి వాద్యగది వైపు చూసింది.

"రత్నంగారూ!" బుల్లెబ్బాయి కుర్చీలోంచి లేచాడు. "ఏం వాయిస్తున్నారండి?"

"తొమ్మిది నిమిషాలు బుల్లెబ్బాయ్. నీకు దణ్ణం పెడతాను."

"ముప్పై ఒకటండి. ముప్పై ఏడు. ఏవండీ, జనాన్ని చూడండి ఓసారి!"

చూసింది. ఆమె లెక్క తప్పింది. ఎవరూ నేర్పకపోయినా కాళ్ళకు నాలుగు తెలుసు. ముందు ఒక వరుస, దాని వెనక ఇంకో వరుస, గాలికి వరిచేను ఒరిగినట్టు వంతెన పొడవునా జనం ఒక అడుగులోకి వచ్చేస్తున్నారు. ఏళ్ళ తరబడి దొరకని సుఖమేదో దొరికినట్టు వాళ్ళ ముఖాలు విచ్చుకున్నాయి. క్యారేజీలు ఒకేసారి ఊగుతున్నాయి. ఒక పెద్దాయన నవ్వుతున్నాడు. అది చూసి నూకరత్నానికి చచ్చేంత భయమేసింది.

"నలభై ఎనిమిది" అన్నాడు బుల్లెబ్బాయి. చెయ్యి ఎర్రపిడి మీద ఉంది. "నేను లాగితే మాస్టారు పొద్దుగూకేదాకా ఎండలో వంతెన మీదే ఉంటారండి. ఏడులోకి వచ్చెయ్యండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఏడులోకి వస్తే ఆ తల మళ్ళీ దొర్లుతుంది. రాకపోతే వంతెన. చేతులు వాయిస్తూనే ఉన్నాయి, కళ్ళు కాగితం మీద ఉన్నాయి. యాభై మూడు అంటున్నాడు బుల్లెబ్బాయి. పైనున్న ఎనిమిది ఖాళీ గళ్ళు ఆమె వైపే చూస్తున్నాయి.

నలభై ఏళ్ళు గళ్ళు నింపిన మనిషి, ఒక్క స్వరం వృథా చెయ్యని మనిషి, ఎనిమిది గళ్ళు గీతలు గీసి మరీ ఊరికే వదిలేస్తాడా! ఆయన మొదలుపెట్టింది కింద నుంచి కాదు. మొదలుపెట్టింది ఖాళీతోనే. అడగాల్సిన మాట అడక్కుండా, చూపు ఆనడం లేదని తీర్మానించినందుకు ఆమెకు సిగ్గేసింది.

గేటు తెరిచి ఉండగా వాద్యం ఆగడమన్నది ఆమె ఎరగదు. కానీ ఆగితే ఏం చెయ్యాలో ఊళ్ళో నడక వచ్చిన ప్రతి పిల్లకీ తెలుసు. ఏడాదికి రెండుసార్లు బడిలో చేయిస్తారు. వాద్యం ఆగితే ఉన్నచోటే కూర్చో. విడినడక మొదలైతేనే లే.

"యాభై ఏడు. రత్నంగారూ, క్షమించండి—"

నూకరత్నం చేతులూ కాళ్ళూ ఎత్తేసింది.

నిశ్శబ్దం. గేటు తెరిచి ఉండగా గోదావరి మోత మొదటిసారి వాద్యగదిలోకి వినబడింది. వంతెన మీద నాలుగు వేలమంది, సంచులు ఒళ్ళో పెట్టుకుని, ఎక్కడివాళ్ళక్కడ బల్లల మీద చతికిలబడ్డారు. నవ్విన పెద్దాయన కూడా కూర్చున్నాడు. నిలబడి ఉన్నది నలుగురే. భుజం మీద శవం ఉన్నవాళ్ళు ఎలా కూర్చుంటారు?

ఆమె మనసులో ఎనిమిది గళ్ళు లెక్కపెట్టింది. బుల్లెబ్బాయి చెయ్యి పిడి మీదే ఉంది, లాగలేదు. ముల్లు యాభై, నలభై, ఇరవై ఆరు. ఎనిమిదో గడి అయ్యాక కింది వరసలో, కూర్చున్నవాళ్ళకు బల్ల గిలిగింత పెట్టినంత మెల్లగా, మళ్ళీ నాలుగు మొదలుపెట్టింది.

ఎవరూ లేవలేదు. ఇది విడినడక కాదు కదా. లోవలక్ష్మి కుడికాలు ముందుకు వేసింది, ఆమెతోపాటు మిగతా ముగ్గురూ వేశారు. కూర్చున్న జనం మోకాళ్ళు పక్కకు జరుపుకుని దారి ఇచ్చారు. కొందరు దణ్ణం పెట్టారు. మాస్టారు రాసిన స్వరాల్లో గొప్పలేవీ లేవు. ఒక చిన్న పల్లవి నడి వరసలో వస్తుంది, నాలుగు గళ్ళు నడుస్తుంది, పై వరసకు వెళ్తుంది, తిరిగి ఇంటికొస్తుంది. విడినడకలో ఆయన తొమ్మిది ముక్కలు చేసి దాచిన పల్లవే అది. ఇన్నేళ్ళుగా దాన్ని ముక్కలుగా వాయించిన నూకరత్నానికి అది మొత్తంగా ఇప్పుడే చేతికందింది. కళ్ళనీళ్ళు కీబోర్డు మీద పడుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"తొమ్మిది" అన్నాడు బుల్లెబ్బాయి. ముల్లు సంగతే. కాసేపయ్యాక, "తల కదల్లేదండి" అన్నాడు. అది ముల్లు సంగతి కాదు.

పాడె తూర్పు గట్టు ఎక్కాక ఆమె విడినడక ఎత్తుకుంది. జనం లేచి, బట్టలు దులుపుకుని, చెదిరి నడిచారు.

తెర మీద మూడు గళ్ళు వచ్చి కూర్చున్నాయి. వాద్యం ఆగిన కారణం: గాలి, నీరు, తీగ. ఒకటి నొక్కకపోతే సాయంత్రం గేటు లేవదు. కట్టుకున్న పద్ధతి అది.

"గాలి నొక్కేస్తానండి" అన్నాడు బుల్లెబ్బాయి. "కొండల్లో సుడిగాలి రావడం మామూలే. వంతెన కమిటీవాళ్ళు ఈ గదిలోకి తొంగిచూసి ఎన్నేళ్ళయింది? మీ కుర్చీకి ఏ ఢోకా ఉండదు."

నూకరత్నం చల్లారిన టీ గుక్కెడు తాగింది. గాలి అంటే అయిపోతుంది. మాస్టారు హాయిగా దాటాడు, తన ఉద్యోగం ఉంటుంది. వచ్చే శవం మాత్రం మళ్ళీ కుదుపుల మీద పోతుంది. ఎందుకంటే ఈవేళ ఏమీ జరగలేదు, గాలి వీచిందంతే.

"వద్దు" అంది.

"అదేంటండి బాబూ! ఏదోటి నొక్కాలి కదా."

"నా కారణం అందులో లేదు బుల్లెబ్బాయ్. లేనిది ఎలా నొక్కను?"

"మా అమ్మని తీసుకెళ్ళినప్పుడు నేను వెనక కొమ్ము పట్టేను" అన్నాడు బుల్లెబ్బాయి. "పట్టు జారి సగం దారిలో దింపేసేమండి. జనం పక్కనుంచి నడుచుకుంటూ పోయేరు." తెర ముందు నుంచి కుర్చీ వెనక్కి లాక్కుని కూర్చున్నాడు.

సాయంత్రం అయిదయింది. గేటు లేవలేదు. తూర్పు గట్టున పనివాళ్ళు, పడమట వాళ్ళ కోసం ఎదురుచూసే ఇంటివాళ్ళు. అయిదుంపావుకు కమిటీ అధ్యక్షురాలి గొంతు స్పీకరులో పలికింది.

"కారణం నొక్కండమ్మా. నాలుగు వేలమంది ఆగిపోయేరక్కడ."

"మూడింట్లో ఏదీ కాదండి. శవం దాటుతోంది, అందుకని ఆపేను. నాలుగు వాయించేను."

"నాలుగా?"

"ఆయ్. ముందు తప్పు వాయించేను, ముల్లు యాభై ఏడు దాకా పోయింది. అదీ రాసుకోండి. తర్వాత జనాన్ని కూచోబెట్టి వాయించేను, తొమ్మిదికి దిగింది. అది కూడా రాసుకోండి."

"మీ కుర్చీ పోతుందని తెలుసా?"

"తెలుసండి. పోతే పోనీండి. గడి మాత్రం పెట్టండి."

"జనం గొడవ చేస్తే ఎవరు చూస్తారు?"

"చేస్తున్నారేమో మీరే చూడండి" అంది నూకరత్నం.

గేటు తెర మీద తూర్పు గట్టు కనబడుతోంది. ఎవరూ చెప్పకుండానే అందరూ కూర్చున్నారు. ముందు వరుసలో లోవలక్ష్మి, స్నానం చేసిన తడిజుట్టుతో, మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని ఉంది. ఆమె పక్కన పొద్దుటి పెద్దాయన రెండు వేళ్ళతో క్యారేజీ మూత మీద కొడుతున్నాడు. చప్పుడు వినబడదుగాని లెక్క కనబడుతోంది, నాలుగు. అధ్యక్షురాలు కూడా దాన్నే చూస్తున్నట్టుంది.

అయిదూ ఇరవై రెండుకు తెర మీద నాలుగో గడి తెరుచుకుంది. అందులో ఏమీ రాసి లేదు.

"మీ కుర్చీ సంగతి కమిటీలో చూస్తాం" అంది గొంతు. "అప్పటిదాకా వాయించండి."

నూకరత్నం ఆ గడిలో 'శవం దాటుతోంది' అని రాసింది. గేటు లేచింది. ఆమె సాయంత్రపు విడినడక వాయించింది, జనం ఎప్పటిలాగే చెదిరి నడిచి ఇళ్ళకు చేరారు. ముల్లు పద్దెనిమిది దాటలేదు.

ఆమె కీబోర్డు మీద గుడ్డ కప్పుతుంటే కిందకు వెళ్ళిన బుల్లెబ్బాయి మళ్ళీ పైకొచ్చాడు.

"పడమటి వాడలో ఎవరో పెద్దావిడ పోయిందటండి మధ్యాహ్నం. రేపు పొద్దున్న తీసుకెళ్తారట. వాళ్ళబ్బాయి గేటు దగ్గరున్నాడు, మిమ్మల్ని అడగమన్నాడు."

"ఏమని?"

"అతనికి ఏమని అడగాలో తెలీడం లేదండి. చేత్తో ఇలా చూపించేడు" అంటూ బుల్లెబ్బాయి అరచేతిని గాలిలో, ఎత్తు తగ్గకుండా, మెల్లగా ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జరిపాడు.

నూకరత్నం గుడ్డ తీసేసింది. కాగితం మడత విప్పి, పైనున్న ఎనిమిది ఖాళీ గళ్ళూ కనబడేలా మళ్ళీ స్టాండు మీద పెట్టింది.